గోదారి ఎక్కే పులస ఎందుకు తగ్గింది? మన చెరువులకు అది చెప్పే సంగతి



ప్రతి ఏడు ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చూసుకుంటాం. ఆ లెక్కలు ఉండాల్సినవే. ఈసారి వాటితో పాటు ఒక చేప చరిత్ర రాస్తున్నాను. తొర్రూరుకు సముద్రపు చేపతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. కానీ మన సంఘాల్లో చేపలు అమ్మి ఇల్లు నడిపే అక్కలు ఉన్నారు. చేపల వ్యాపారానికి అప్పు తీసుకున్న వాళ్ళు ఉన్నారు. చేప ఎక్కడ పుడతది, ఎట్ల పెరుగుతది, ఎందుకు తగ్గుతది అనేది తెలియకుండా చేపల మీద పైసలు పెట్టుడంటే, విత్తనం సంగతి తెలియకుండా ఎవుసం చేసినట్టే.

ఇంకొక కారణం మన నీళ్ళు. ఎస్సారెస్పీ కాలువల మన వైపు వచ్చేవి గోదారి నీళ్ళు. మన ఆకేరు వాగు పోయి మున్నేరుల కలుస్తది, మున్నేరు పోయి కృష్ణల కలుస్తది. అంటే మనకు వచ్చేది గోదారి, మన దగ్గర నుండి పోయేది కృష్ణకు. ఈ రెండు నదుల్లో ఏం జరిగినా అది మనకు సంబంధం లేని ముచ్చట కాదు.

ఇలస ఎట్ల పులస అయితది

బంగాళాఖాతంలో ఉన్నప్పుడు ఆ చేపను ఇలస అంటారు. కొందరు వలస అని కూడా అంటారు. వానకాలం గోదారికి ఎర్ర నీళ్ళు వచ్చినప్పుడు అది సముద్రం విడిచి నదిలోకి ఎక్కుతది. అట్ల ఎక్కినంక దాని పేరు పులస. జులై నుండి సెప్టెంబరు దాకా దాని కాలం. బెంగాలు వాళ్ళు ఇలిష్ అని, హిల్సా అని పిలిచేది కూడా ఈ చేపనే.

అది నదిలోకి వచ్చేది గుడ్లు పెట్టడానికి. మన ఆడబిడ్డలు కాన్పుకు పుట్టింటికి వచ్చినట్టే అనుకోండి. సముద్రంలో ఎంత పెరిగినా దాని పిల్లలు పుట్టాల్సింది మంచినీళ్ళలోనే. ఒక్కొక్క ఆడ చేప లక్షల గుడ్లు పెడతది. పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి సముద్రానికి దిగుతాయి. అక్కడ పెద్దవై మళ్ళీ నదిని వెతుక్కుంటూ వస్తాయి. సముద్రంలో తిని పెంచుకున్న కొవ్వుతోనే అది ప్రవాహానికి ఎదురు ఈదుతది. రుచి ఆ కొవ్వులోనే ఉందంటారు.

పుస్తెలమ్మైనా పులస తినాలి అనే సామెత మనం కూడా విన్నదే. ఆ సామెత చేసింది మగవాళ్ళే అయి ఉంటారు, అమ్మేటివి మన మెడలోని పుస్తెలు గదా! నవ్వులాటకు అన్నా, ఇయ్యాల పులస ధర నిజంగానే అట్లనే ఉన్నది. యానాం వేలంలో ఒక్క చేపే ఇరవై వేల రూపాయలు దాటి పోయిందని పేపర్లలో వస్తుంది. ఆ వేలంలో పాట పాడి కొని, మళ్ళీ అమ్మేవాళ్ళలో మత్స్యకార ఆడవాళ్ళు ఉన్నారు. ధర పెరిగిందంటే వాళ్ళకు లాభం వచ్చిందని అనుకోవద్దు. చేప దొరుకుతలేదు కాబట్టి ధర పెరిగింది. రాత్రంతా వల వేసినా ఒక్కటి కూడా పడని పడవలే ఎక్కువ. ఒడిశా, బెంగాలు నుండి మంచుపెట్టెల్లో తెచ్చిన ఇలసను పులస అని చెప్పి అమ్ముడు కూడా అందుకే నడుస్తుంది.

1852లో దారికి అడ్డం పడ్డ గోడ

పులస చరిత్ర చెప్పాలంటే ధవళేశ్వరం దగ్గర మొదలు పెట్టాలె. అక్కడ గోదారి పాయలుగా చీలి సముద్రం దిక్కు పోతది. అంతకు ముందు ఆ ప్రాంతం ఇప్పటి లెక్క పచ్చగా లేదు. 1832, 1833లలో పెద్ద కరువు వచ్చింది. డొక్కల కరువు అని జనం దానికి పేరు పెట్టారు. వరద వస్తే ముంపు, వాన రాకపోతే కరువు. 1821లో ఏడు లక్షలు దాటి ఉన్న గోదావరి జిల్లా జనం 1841 నాటికి అయిదున్నర లక్షల దగ్గరికి పడిపోయారు. ఎంతమంది సచ్చిపోయారో, ఎంతమంది ఊరు విడిచి పోయారో ఆ లెక్కను బట్టి అర్థం చేసుకోవచ్చు.

అప్పుడు ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు గోదారికి అడ్డంగా ఆనకట్ట కట్టాలని చెప్పాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, మధ్యల లంకలను కలుపుకుంటూ కట్టారు. కాలువలు తవ్వారు. కరువు పోయి వరి పండింది. ఇయ్యాల ఆ కాలువల కింద పది లక్షల ఎకరాలు పారుతుంది. ఆ జిల్లాల్లో కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయంటే ఊరికే పెట్టలేదు. అన్నం పెట్టిన వాడని పెట్టుకున్నారు.

కానీ చేప సంగతి ఎవరూ అడగలేదు. ఆనకట్ట లేనప్పుడు వరద ఉన్నన్ని దినాలు పులస ఎక్కగలిగినంత దూరం ఎక్కేది. ఆనకట్ట కట్టినంక దాని కిందనే ఆగిపోయింది. పెద్ద వరద వచ్చి గోడ మీంచి నీళ్ళు దుంకినప్పుడు కొన్ని దాటేవి. మిగతావన్నీ గోడ కింద గుంపు కూడేవి. గుంపు కూడిన చేపను పట్టుడు సులువు. అంటే ఆనకట్ట దారి మూయడమే కాదు, చేపను తీసుకొచ్చి వలలో పెట్టినట్టు కూడా అయింది.

ఒక ఆశ్చర్యం ఏమిటంటే, ఈ సంగతి మొదట్లోనే పట్టించుకున్న వాళ్ళలో కాటన్ కూడా ఒకడు. 1860లలో ఆయనే పై అధికారులకు రాశాడు, నదులకు అడ్డం కట్టిన కట్టల వల్ల చేపలకు నష్టం జరుగుతుందేమో చూడాలని. తర్వాత ఫ్రాన్సిస్ డే అనే డాక్టరును దేశంలోని నదుల చేపల మీద విచారణకు పెట్టారు. ఆయన 1873లో రిపోర్టు ఇచ్చాడు. 1897లో చేపల చట్టం వచ్చింది. నీళ్ళలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టొద్దని ఆ చట్టం చెప్పింది. కానీ ఆనకట్ట దగ్గర చేపకు దారి మాత్రం దొరకలేదు.

పాత ఆనకట్ట బలహీనపడితే దాని దగ్గరనే కొత్త బ్యారేజీ కట్టారు. 1970లో మొదలై 1982లో పూర్తయింది. దానికే సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టారు. వరదకు గేట్లు ఎత్తినప్పుడు చేప దాటే సందు ఉంటది. గేట్లు దించితే తలుపు మూసినట్టే.

ఒక్క గోదారి కథ కాదు

కృష్ణ మీద విజయవాడ దగ్గర 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని జాగాల ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ పైన నాగార్జునసాగర్, శ్రీశైలం. తమిళనాడులో కావేరి మీద మెట్టూరు డ్యాం 1934లో కట్టినంక అక్కడి ఇలస బాగా పడిపోయింది. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో మొదలైంది. అంతకు ముందు ఈ చేప గంగలో అలహాబాదు దాకా, ఇంకా పైకి కూడా ఎక్కేది. ఫరక్కా తర్వాత పై ఊళ్ళ మత్స్యకారులకు అది కరువైపోయింది.

అమెరికాలో, యూరపులో సాల్మన్ అనే చేప ఉన్నది. దానిది కూడా ఇదే బతుకు. పుట్టుడు నదిలో, పెరుగుడు సముద్రంలో, గుడ్లు పెట్టేందుకు మళ్ళీ పుట్టిన నదికే. డ్యాములు కట్టి దాని దారి కూడా మూశారు. కొన్ని చోట్ల డ్యాం పక్కన మెట్లు మెట్లుగా నీటి గుంటలు కట్టి, చేప ఒక్కొక్క మెట్టు ఎగిరి పైకి పోయేటట్టు చేశారు. సాల్మన్ ఎగురుతది కాబట్టి కొంత పని చేసింది. మన ఇలస అట్ల ఎగిరే చేప కాదు. మన దేశంలో కావేరి కింది పాయ మీద అట్లాంటి మెట్ల దారి కడితే ఇలస దాన్ని వాడుకోలేదు. ఒకరి కొలతకు కుట్టిన రవిక ఇంకొకరికి పట్టదు గదా.

అమెరికాలో క్లామత్ అనే నది ఉన్నది. సాల్మన్ మీదనే బతికిన అక్కడి ఆదివాసులు ఎన్నో ఏళ్ళు కొట్లాడి నాలుగు డ్యాములను తీసేయించారు. ఆ పని 2024లో పూర్తయింది. అదే ఏడు, డ్యాములు తీసిన కొన్ని వారాలకే, వంద ఏళ్ళకు పైగా పోలేని చోటికి సాల్మన్ చేపలు మళ్ళీ ఎక్కాయి. ధవళేశ్వరం తీసేయాలని నేను అంటలేను. పది లక్షల ఎకరాల అన్నం అది. నేను అనేది ఇంతే. దారి తెరుస్తే చేప మర్చిపోకుండా వస్తది.

మన వైపు చూస్తే గోదారి మీద కింది నుండి పైకి ధవళేశ్వరం, దాని పైన కడుతున్న పోలవరం, దుమ్ముగూడెం, తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ, మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ళ, ఎల్లంపల్లి, శ్రీరాంసాగర్ ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క అవసరానికి వచ్చింది. మన పొలాలకు వచ్చే నీళ్ళు కూడా వీటి నుండే. కానీ చేప కంటితో చూస్తే ఇవన్నీ మూసిన తలుపుల వరుస.

గోడ ఒక్కటేనా కారణం

కాదు. నదిలో కిందికి పారే నీళ్ళు తగ్గితే, సముద్రం దగ్గర నది నోట ఇసుక మేట వేస్తది. మంచినీళ్ళ వాసన సముద్రంలోకి పోకపోతే చేపకు నది ఉన్నట్టే తెలియదు. పరిశ్రమల మురుగు, ఊళ్ళ మురుగు ఒకటి. సన్న కండ్ల వలలు ఒకటి. చిన్న పిల్లలు కూడా వాటిలో పడితే రేపటి పంట ఇయ్యాలే కోసుకున్నట్టు. అన్నిటికంటే పెద్దది, మనం పులసను పట్టేది అది గుడ్లు పెట్టడానికి పోతున్నప్పుడే. గుడ్లున్న చేపకే గిరాకీ ఎక్కువ. కడుపుతో ఉన్న చేపను దారిలోనే పట్టుకుంటే పిల్లలు ఎక్కడి నుండి వస్తాయి?

బంగ్లాదేశ్ ఏం చేసింది

ఇది కూడా రాయాలె, లేకపోతే అంతా ఏడుపే అయితది. ప్రపంచంలో ఎక్కువ ఇలస దొరికేది బంగ్లాదేశ్‌లో. అక్కడ కూడా బాగా తగ్గి 2002-03లో రెండు లక్షల టన్నుల దగ్గరికి వచ్చింది. అప్పుడు ప్రభుత్వం గట్టిగా పట్టుకున్నది. గుడ్లు పెట్టే సమయంలో, అక్టోబరులో 22 రోజులు వేట పూర్తిగా బంద్. చిన్న పిల్లలను నవంబరు నుండి జూను దాకా పట్టొద్దు. కొన్ని నది భాగాల్లో పిల్లలు పెరిగే నెలల్లో వల వేయొద్దు. 2020-21 నాటికి అయిదున్నర లక్షల టన్నులు దాటింది. ఈ మధ్య మళ్ళీ కొంచెం తగ్గింది. అయినా మొదటి లెక్క మీద రెండింతలకు ఎక్కువే.

మనం గమనించాల్సింది ఒకటి ఉన్నది. వేట బంద్ చేసి ఊరుకోలేదు. బంద్ ఉన్న నెలల్లో మత్స్యకార కుటుంబానికి నెలకు 40 కిలోల బియ్యం ఇచ్చారు. అది సరిపోదని, అందరికీ అందలేదని, ఆ నెలల్లో అప్పుల పాలవుతున్నారని అక్కడి కుటుంబాలు అంటూనే ఉన్నాయి. అయినా చేపను కాపాడే ఖర్చు ఒక్క మత్స్యకారుల నెత్తిన పెట్టొద్దు అనే మాటను ఒప్పుకున్నారు. మన తూర్పు తీరంలో కూడా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా సముద్రంలో యంత్రాల పడవల వేట బంద్ ఉంటది. ఆ రెండు నెలలు ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎట్ల మండుతదో మన లాంటి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర లేదు.

ఇగ మన చెరువుల సంగతి

మన దగ్గర పులస లేదు. కానీ ఎదురెక్కే చేపలు లేవా? ఉన్నాయి. మొదటి పెద్ద వానలకు చెరువుల నుండి ఒర్రెల్లోకి, కట్టుకాలువల్లోకి, పొలాల్లోకి చేపలు ఎదురెక్కుతాయి. జెల్లలు, పరకలు, వాలుగలు కొత్త నీళ్ళు తగలగానే కదులుతాయి. మన రాష్ట్ర చేప కొర్రమీను సముద్రం దాకా పోదు. కానీ లోతు తక్కువ ఉండి గడ్డి ఉన్న చోటు వెతుక్కొని గుడ్లు పెడతది. పిల్లలు పెద్దయ్యే దాకా తల్లీతండ్రీ కావలి ఉంటాయి. మలుగుపాము అయితే ఉల్టా. అది నదుల్లో పెరిగి గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతది. నీలకంఠ రొయ్య కూడా ఉప్పు కలిసిన నీళ్ళకు దిగే పిల్లలు చేస్తది. సముద్రానికీ మనకూ మధ్య ఇన్ని గోడలు ఉంటే అవి మన వాగుల్లోకి ఎట్ల రావాలె?

మన చెరువుల్లో ఎక్కువ కనిపించే బొచ్చె, రవ్వ కూడా అసలు నది చేపలే. పారే వరద నీళ్ళు తగిలితేనే అవి గుడ్లు పెడతాయి. నిలిచిన చెరువులో పెరుగుతాయి గానీ పిల్లలు చేయవు. అందుకే వెనకట నదుల్లో పిల్లలను పట్టి తెచ్చి చెరువుల్లో వేసేవాళ్ళు. 1957 జులై 10న హీరాలాల్ చౌదరి అనే శాస్త్రవేత్త ఒడిశాలో, చేప మెదడు దగ్గరి గ్రంథి నుండి తీసిన రసాన్ని సూది మందుగా ఇచ్చి నది చేపతో చెరువు దగ్గరే గుడ్లు పెట్టించాడు. ఏటా జులై 10ని చేప రైతుల దినంగా జరిపేది అందుకే. 2016-17 నుండి మన ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వేస్తున్న చేప పిల్లలు కూడా ఆ పద్ధతి వల్లనే దొరుకుతున్నాయి.

ఇది మంచిదే. కానీ ఒక తేడా గుర్తు పెట్టుకోవాలె. బొచ్చె, రవ్వ ప్రతి ఏడు పై నుండి రావాలె. పిల్లలు ఆలస్యంగా వచ్చినా, సన్నగా వచ్చినా, రాకపోయినా మనం ఏం చేయలేము. కొర్రమీను, జెల్ల, పరక మాత్రం వాటంతట అవే పుడతాయి, దారి ఉంటే, గుడ్లు పెట్టే దాకా బతకనిస్తే. ఒకటి కొన్న విత్తనం, ఒకటి ఇంటి విత్తనం. కొన్నది ఉన్నదని ఇంటి విత్తనం పోగొట్టుకున్న రైతు తర్వాత ఎట్ల బాధపడ్డడో మనం పత్తి చేన్లలో చూసినం.

మిరుగం నాడు చేప తినాలె అనేది మన ఇండ్లల్లో ఆచారం. జూన్ 8 దగ్గర మృగశిర కార్తె వస్తది. ఆ ఒక్క రోజు అమ్మకం మన చేపల అక్కలకు పండుగ. దాన్ని వద్దనే పని లేదు. ఆ రోజుకు చెరువులో పెంచిన బొచ్చె, రవ్వ అమ్ముకోవచ్చు. సంగతి అంతా ఆ తర్వాత వచ్చే మొదటి వరదలది. మత్తడి దుంకినప్పుడు కింద వల కట్టి, ఒర్రెలకు అడ్డంగా దోమతెర కట్టి, కడుపుతో ఎదురెక్కే చేపను గంపలకొద్దీ పడుతున్నారు. ధవళేశ్వరం గోడ కింద నూట డెబ్బై ఏళ్ళ నుండి జరిగింది మన మత్తడి కింద చిన్నగా జరుగుతుంది. అక్కడ గోడను మనం కదపలేము. ఇక్కడ దోమతెర తీయించుడు మాత్రం మన ఊరి చేతిలో ఉన్న పని.

గ్రామ సంఘాల్లో మాట్లాడుకోవాల్సినవి

ఒకటి, మొదటి వరద వచ్చినంక పదిహేను రోజులు ఒర్రెల్లో, కట్టుకాలువల్లో, మత్తడి కింద ఎదురెక్కే చేపను పట్టొద్దని ఊర్లో కట్టుబాటు. ఇది మనం ఒక్కళ్ళం చేసేది కాదు. చెరువు మీద హక్కు మత్స్య సహకార సంఘానిది. వాళ్ళతో కూర్చొని మాట్లాడాలె, వాళ్ళ మీద పెత్తనం చేసినట్టు ఉండొద్దు.

రెండు, దోమతెర, కరెంటు, మందు పెట్టి పట్టుడు పూర్తిగా బంద్ కావాలె. మందు పెట్టుడు చట్టం ప్రకారం తప్పు.

మూడు, చెరువు మరమ్మతు పని వచ్చినప్పుడు మత్తడి కింద నిటారు గోడ కాకుండా, ఒక పక్కన రాళ్ళు పేర్చి ఏటవాలు జాగ వదలమని గ్రామసభలో అడగాలె. ఏటవాలు ఉంటే నీళ్ళు పారుతున్నప్పుడు చేప ఎక్కగలుగుతది.

నాలుగోది నాకు అన్నిటికంటే ముఖ్యం. పట్టొద్దు అన్న పదిహేను రోజులు మన చేపల అక్కల గంప ఖాళీగా ఉంటది. కిస్తీ మాత్రం ఆ నెల కూడా కట్టాలె. చేపల వ్యాపారానికి అప్పు తీసుకున్న సభ్యులకు ఆ నెల కిస్తీ కొంత తగ్గించి, చేపలు బాగా పడే నెలల్లో సర్దుకునేటట్టు చేయవచ్చా అని ప్రతి గ్రామ సంఘం తీర్మానం పుస్తకంలో చర్చకు పెట్టాలని కోరుతున్నాను. ఎండు చేపలు, పచ్చడి లాంటివి ఆ రోజుల్లో అమ్ముకునేందుకు చిన్న అప్పు ఇయ్యొచ్చా అని కూడా. ఊరంతా తినే చేపను కాపాడాలంటే దాని బరువు గంప మోసే ఆమె ఒక్కతి మోయొద్దు.

ధవళేశ్వరం లెక్కలో తప్పు ఎక్కడ జరిగిందంటే, వరి వచ్చుబడి రాశారు, చేప నష్టం ఏ పద్దులోనూ రాయలేదు. మన పుస్తకాల్లో వచ్చుబడి ఒక పక్క, పోయింది ఒక పక్క రాయడం మనకు మొదటి రోజే నేర్పించారు. అందుకని చివరగా ఒక చిన్న పని. వచ్చే సమావేశంలో ప్రతి సంఘం తమ ఊరి పెద్దవాళ్ళను అడిగి, వెనకట మీ చెరువులో, వాగులో దొరికిన చేపల పేర్లన్నీ ఒక పేజీలో రాయండి. ఇప్పుడు దొరికే వాటి పక్కన టిక్కు పెట్టండి. టిక్కు లేనివి ఎన్ని మిగిలాయో చూసి, ఆ పేజీని మండల సమాఖ్యకు పంపండి. వచ్చే ఏడు నివేదికలో పొదుపు లెక్కల పక్కన ఆ లెక్క కూడా వేసుకుందాం.